పద్యనాటకాన్ని సినిమాగా మలచడం: హక్కుల నుంచి మిక్సింగ్ దాకా

పద్యనాటకం సినిమాగా తీయాలనుకునేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న "ఎన్ని పద్యాలు ఉంచాలి?" అని. దానికి జవాబు దొరకాలంటే ఇంకో ప్రశ్న వేసుకోవాలి: ఈ పద్యం ఎవరు వింటున్నారు?

రంగస్థలం మీద నటుడు ఎదుటి పాత్రను పిలుస్తూనే ప్రేక్షకుల వైపు తిరిగి పాడతాడు. అక్కడ అది తప్పు కాదు. కెమెరా ముందు అదే పని చేస్తే నాటకాన్ని రికార్డు చేసినట్టుంటుంది. పద్యం వినే మనిషి తెర మీద కనిపించాలి, ఆ మనిషిలో ఏదో ఒక మార్పు రావాలి. కింద చెప్పే దశలన్నీ ఈ ఒక్క పనికోసమే.

## 1. హక్కులు తేల్చుకోవడం

భారత కాపీరైట్ చట్టం ప్రకారం రచన మీద హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ఈ 60 ఏళ్లను రచయిత మరణించిన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి లెక్కిస్తారు. ఇద్దరు కలిసి రాస్తే చివర మరణించినవారి నుంచి లెక్క. పాండవోద్యోగ విజయాల నాటకాలు రాసిన జంటకవులు తిరుపతి వేంకట కవుల్లో చివర మరణించినది చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, 1950లో. అందుకని ఆ నాటకాల మీద హక్కు 2010 చివరితో తీరిపోయింది.

చిక్కంతా నాటకంలో తర్వాత వచ్చి చేరిన పాటలతో. "మీరజాలగలడా" పాటే తీసుకోండి. శ్రీకృష్ణ తులాభారం నాటకం ముత్తరాజు సుబ్బారావుది. పాట మాత్రం సత్యభామ వేషం కట్టిన స్థానం నరసింహారావు రాసుకున్నది. ఆయన మరణించింది 1971లో. అంటే నాటకం హక్కు ఒక లెక్క, పాట హక్కు 2031 చివరి దాకా నడిచే మరో లెక్క.

మూడో చిక్కు బాణీ. జనం నోట నిలిచిన వరస చాలాసార్లు పాత సినిమాలో సంగీత దర్శకుడు కట్టినదై ఉంటుంది. సాహిత్యానికి హక్కులు తీరిపోయినా ఆ బాణీకి తీరకపోవచ్చు. పాత రికార్డింగు వాడుకోవాలంటే దాని అనుమతి వేరే.

చేయవలసినవి:

- నాటక రచయిత, చేర్పు పాటల రచయితలు, బాణీ కట్టినవారు: ముగ్గురికీ మరణ సంవత్సరాలతో విడివిడిగా పట్టిక
- అచ్చు ప్రతిలో లేని ప్రతి పద్యానికీ, పాటకూ ఎదురుగా "ఎవరిది?" అన్న గడి
- జవాబు దొరకని వాటిని స్క్రిప్టులోకి రానివ్వకపోవడం
- సినిమా లాయరుతో ఒక్కసారి చూపించుకోవడం

నాటకం చుట్టూ ఉన్న అభ్యంతరాలూ ఈ దశలోనే చూడాలి. చింతామణి నాటక ప్రదర్శనను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు చెప్పిన అభ్యంతరం దాని వెనక ఉంది. అలాంటి నాటకం ఎంచుకుంటే ఆ వ్యవహారం ఇప్పుడు ఏ దశలో ఉందో తెలుసుకోకుండా డబ్బు పెట్టకండి. పైగా అందులోని మోటు హాస్యం చాలావరకు ప్రదర్శనల్లో పెరిగింది. అచ్చు ప్రతి దగ్గర పెట్టుకుంటే ఏది రచయితదో, ఏది తర్వాతి చేర్పో తెలుస్తుంది.

## 2. ఏ ప్రతి ఆధారం?

అచ్చు నాటకం ఒకటి, ఆడే నాటకం ఇంకొకటి. ఆడే ప్రతిలో కొన్ని రంగాలు ఉండవు, వేరే నాటకాల పద్యాలు కొన్ని వచ్చి చేరతాయి, వచనం నటుణ్ణి బట్టి మారుతుంది.

రెండూ తెచ్చుకుని పక్కపక్కన పెట్టి, తేడాలను రంగు పెన్నుతో గుర్తించండి. తర్వాత నాటకాన్ని రెండుసార్లు చూడండి. మొదటిసారి ప్రేక్షకుల్లో కూర్చుని ఎక్కడ నిశ్శబ్దం పడిందో, ఎక్కడ "వన్స్‌మోర్" వినిపించిందో రాసుకోండి. రెండోసారి సైడ్ వింగ్‌లో నిలబడి హార్మోనిస్టును గమనించండి. నటుడికి ఊపిరి ఎక్కడ అందిస్తున్నాడో, పద్యం ఎత్తుకునే ముందు శ్రుతి ఎలా పట్టిస్తున్నాడో ఆయన దగ్గరే తెలుస్తుంది. ఆ గమనికలు రికార్డింగు రోజున అక్కరకొస్తాయి.

వన్స్‌మోర్ పడ్డ పద్యం సినిమాలో ఉండి తీరాలని లేదు. ఆ కేక చాలాసార్లు నటుడి గొంతుకు పడుతుంది, కథకు కాదు. నిశ్శబ్దం పడ్డ చోట్లనే ఎక్కువ నమ్మండి.

## 3. పద్యాల పట్టిక

ప్రతి పద్యానికీ ఒక వరస రాయండి: ఎత్తుగడ (మొదటి మాటలు), ఛందస్సు, చెప్పేవారు, వినేవారు, పద్యానికి ముందూ తర్వాతా కథలో వచ్చిన తేడా, రంగస్థలం మీద పట్టిన సమయం. ఆ తర్వాత నాలుగు కుప్పలుగా విడదీయండి.

కథను కదిలించేవి. రాయబారం, శపథం, బేరం, శాపం. ఇవి ఉంటాయి.

మనసులోవి. స్వగతాలు. రెండు మూడు చాలు. మిగతావి నటుడి మౌనానికి వదిలేయండి.

వర్ణనలు. సూర్యోదయం, అడవి, నగరం, స్మశానం. కెమెరా ఒక్క షాట్‌లో చూపించేదాన్ని పద్యం మళ్లీ చెప్పనక్కర్లేదు. ఇక్కడ ఒక మినహాయింపు: వర్ణన పాత్ర మనసు మీదుగా వస్తుంటే ఉంచండి. కాటికాపరిగా ఉన్న హరిశ్చంద్రుడు స్మశానాన్ని చూసి చెప్పే మాట స్మశానం గురించి మాత్రమే కాదు.

గొంతు చూపించుకునేవి. తీసేయండి. నాటకాభిమానులు అడుగుతారు. అయినా తీసేయండి.

## 4. నిడివి లెక్క

ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, మొత్తం 80. చంపకమాలలో 84, శార్దూలంలో 76, మత్తేభంలో 80. ఇలాంటి పద్యం రాగం లేకుండా చదివితే 20 నుంచి 25 సెకన్లు, బిగువుగా పాడితే 40 నుంచి 50 సెకన్లు పడుతుంది. రంగస్థలం మీద చివర రాగం తీస్తే రెండు మూడు నిమిషాలు దాటిపోతుంది. సీసానికి కింద తేటగీతో ఆటవెలదో ఉంటుంది కాబట్టి దాన్ని రెండు పద్యాలుగా లెక్కేయండి.

140 నిమిషాల సినిమాకు పనికొచ్చే లెక్క:

- 22 పద్యాలు, ఒక్కోటి 50 సెకన్లు: సుమారు 18 నిమిషాలు
- 4 పాటలు, ఒక్కోటి మూడున్నర నిమిషాలు: 14 నిమిషాలు
- మిగిలిన 108 నిమిషాలు వచనానికి, మౌనానికి, కదలికకు

పద్యాలు 30 దాటితే వచనం ఊపిరాడక పద్యానికీ పద్యానికీ మధ్య అతుకులా మిగిలిపోతుంది. పన్నెండుకు తగ్గితే, వచ్చినప్పుడల్లా "ఇతనేంటి ఉన్నట్టుండి పాడుతున్నాడు" అనిపిస్తుంది.

## 5. ఈ లోకంలో పద్యం ఎందుకు పాడతారు?

దీన్ని స్క్రీన్‌ప్లే మొదటి పేజీకి ముందే తేల్చాలి. మూడు దారులున్నాయి.

మొదటిది, ఆ లోకంలో అందరూ పద్యం పలుకుతారు. పౌరాణికాలకు ఇదే సహజం. మొదటి పద్యం తొలి పది నిమిషాల్లోనే, అదీ వచనంలోంచి మెల్లగా ఎత్తుకునేలా రావాలి.

రెండోది, పద్యం వేదిక మీదే ఉంటుంది. కథలో ఒక నాటక సమాజమో, నాటక పరిషత్తు పోటీయో ఉంటుంది. 1972 నాటి అమెరికన్ చిత్రం క్యాబరే ఈ దారే పట్టి, రంగస్థలం మీద పాత్రలు మామూలు జీవితంలో పాడుకునే పాటల్ని తీసేసి, ఒక్కటి తప్ప మిగతావన్నీ క్లబ్బు వేదికకే పరిమితం చేసింది.

మూడోది, పద్యం పాత్ర ఊహలో ఉంటుంది. 2002 నాటి చికాగో చిత్రంలో పాటలన్నీ దాదాపుగా నాయిక ఊహల్లోనే నడుస్తాయి. సాంఘిక నాటకాన్ని ఈ కాలానికి తెస్తే ఈ దారి పనికొస్తుంది.

ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా నడవండి. సగంలో దారి మారిస్తే ప్రేక్షకుడు తప్పేంటో చెప్పలేడు కానీ సినిమాను వదిలేస్తాడు.

## 6. ఒక పద్యాన్ని షాట్లుగా విడగొట్టడం

పాండవోద్యోగ విజయాల్లోని శ్రీకృష్ణ రాయబారం నుంచి, కృష్ణుడు కౌరవ సభలో పాడే ఈ ఉత్పలమాల చూడండి:

చెల్లియొ చెల్లకో తమకు జేసిన యెగ్గులు సైచిరందరున్
తొల్లి గతించె, నేడు నను దూతగ బంపిరి సంధిసేయ, నీ
పిల్లలు పాపలున్ ప్రజలు పెంపు వహింపగ సంధి సేసెదో
యెల్లి రణంబె గూర్చెదవొ యేర్పడ జెప్పుము కౌరవేశ్వరా!

ముందు తేల్చవలసింది చివరి పిలుపు. "కౌరవేశ్వరా" అన్నది సింహాసనం మీది ధృతరాష్ట్రుణ్ణా, పక్కనున్న దుర్యోధనుణ్ణా? రంగస్థలం మీద ఆ ప్రశ్న దాటిపోతుంది, ఎందుకంటే కృష్ణుడు చూసేది సభికుల వైపు. తెర మీద కృష్ణుడి చూపు ఎవరి మీదో ఒకరి మీద నిలవాల్సిందే. చివరి మాటకు ముందు చూపును తండ్రి నుంచి కొడుకు మీదికి మార్చడం కూడా ఒక మంచి మార్గం. ఆ ఒక్క కదలికతో సభలో అసలు రాజెవరో ప్రేక్షకుడికి అర్థమైపోతుంది.

ఇక కోతలు. ఉత్పలమాలలో యతి (పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదిరే చోటు) పదో అక్షరం దగ్గర పడుతుంది. చెవి సహజంగా అక్కడ ఒక మెట్టు దిగుతుంది కాబట్టి కోత అక్కడ వేస్తే కుదుపుండదు. అయితే అర్థం తెగే చోటు కూడా చూసుకోవాలి.

- 1వ పాదం: యతి "జేసిన" దగ్గర. "తమకు" అన్న మాట "జేసిన"తో ముడిపడి ఉంది కాబట్టి కోయకండి. పాదమంతా ఒకే వైడ్ షాట్. యెగ్గులు చేసినవాళ్లూ, చూస్తూ కూర్చున్నవాళ్లూ అందరూ అందులో ఉండాలి.
- 2వ పాదం: అర్థం "గతించె" తర్వాత తెగుతుంది. కోత అక్కడ. "నేడు నను" నుంచి కృష్ణుడి మీద మిడ్ షాట్.
- 3వ పాదం: ఇక్కడ కృష్ణుణ్ణి వదిలేసి ధృతరాష్ట్రుడి ముఖానికి వెళ్లండి. చూపు లేని తండ్రి "పిల్లలు పాపలున్" అన్న మాట వింటున్నాడు. ఈ పద్యంలో ఇంతకంటే బలమైన షాట్ లేదు.
- 4వ పాదం: యతి, అర్థం రెండూ "యేర్పడ" దగ్గర కలుస్తాయి. దానికి ముందు భాగం దుర్యోధనుడి మీద, "యేర్పడ జెప్పుము" నుంచి కృష్ణుడి క్లోజప్.

మూడో పాదంలో కృష్ణుణ్ణి చూపించకపోవడానికి సాంకేతిక కారణం ఇంకొకటుంది. ప, ఫ, బ, భ, మ పలికేటప్పుడు పెదవులు కలుస్తాయి. ఆ ఒక్క పాదంలో ప-కారం ఏడుసార్లు వస్తుంది. ప్లేబ్యాక్‌కు పెదవి కలపడంలో ఏ చిన్న తేడా ఉన్నా క్లోజప్‌లో ఏడుసార్లూ దొరికిపోతుంది. ప్రతి పద్యానికీ ఈ ఐదు అక్షరాలకూ సున్నా చుట్టి పెట్టుకోండి. అవి గుంపుగా ఉన్న చోట వినేవారి ముఖం చూపించండి.

## 7. అర్థం అందించడం

ఇప్పటి ప్రేక్షకుల్లో చాలామందికి "యెగ్గులు", "సైచిరి" తెలియవు. పద్యాన్ని సులభం చేయకండి, ఛందస్సు విరిగిపోతుంది. మూడు ఉపాయాలున్నాయి:

- పద్యానికి ముందు వచనంలో సగం సంగతి చెప్పేయడం
- పద్యం తర్వాత వినేవాడి జవాబులో కీలకమైన మాట మళ్లీ రావడం. "సంధా? ఎవరితో సంధి?" అన్న మూడు మాటలు చాలు
- విదేశాల్లో ప్రదర్శించే ప్రతికి ఉపశీర్షికలు పాదానికి ఒకటి చొప్పున కాక, అర్థం పూర్తయ్యే చోట వేయడం

## 8. సంగీతం, శ్రుతి, రికార్డింగు

రంగస్థల నటులు పై శ్రుతిలో పాడతారు. మైకుల్లేని కాలంలో చివరి వరసకు వినిపించాలని మొదలైన అలవాటది. సినిమాకు శ్రుతి తగ్గించండి. మొదటి ప్రయత్నం రెండు స్వరస్థానాల కింద చేసి, పద్యంలోని కింది స్వరాలు గొంతులో మునిగిపోకుండా స్పష్టంగా వినిపించినంత వరకు దించుకోవచ్చు.

ఆలాపన 6 నుంచి 8 సెకన్లు దాటనివ్వకండి. ఎక్కువ కావాలంటే దానికో పని అప్పగించండి: పాత్ర నడిచి వెళ్లేటప్పుడో, సభ లేచి నిలబడేటప్పుడో.

పాటకు తాళం ఉంటుంది, పద్యానికి ఉండదు. క్లిక్ ట్రాక్ (లయ కోసం చెవిలో వినిపించే టిక్‌టిక్ చప్పుడు) పెట్టి పద్యం పాడిస్తే పద్యం లలితగీతమై కూర్చుంటుంది. చెవిలో తంబూరా శ్రుతి మాత్రమే ఇవ్వండి. కానీ తాళం లేనిదానికి సెట్‌లో పెదవి కలపడం చాలా కష్టం. మార్గాలు రెండు.

సెట్‌లోనే పాడించడం. 2012 నాటి లే మిజరబుల్ చిత్రంలో నటులు సెట్‌లోనే పాడారు. పక్కన వాయించే పియానో వాళ్ల చెవిలో వినిపించేది, ఆర్కెస్ట్రాను తర్వాత కలిపారు. పద్యానికి ఈ పద్ధతి అచ్చంగా సరిపోతుంది: పియానో స్థానంలో హార్మోనియం. ప్రతి టేక్‌లో నిడివి మారుతుంది కాబట్టి రెండు మూడు కెమెరాలు ఒకేసారి నడవాలి. ఒక టేక్‌లోని మాటను ఇంకో టేక్‌లోని ముఖానికి అతికించాలనుకోవద్దు.

ముందే రికార్డు చేయడం. పాడేది గాయకుడైతే నటుడు స్టూడియోలో ఎదురుగా ఉండాలి. గాయకుడి ముఖాన్ని వీడియో తీసి నటుడికి ఇవ్వండి. ఊపిరి ఎక్కడ పీలుస్తున్నాడో అందులో తెలుస్తుంది. ట్రాక్ మొదట్లో సెకనుకు ఒకటి చొప్పున మూడు బీప్‌లు పెట్టండి. సెట్‌లో నటుడు నిజంగానే గొంతెత్తి పాడాలి. ఉత్తి పెదవులు కదిపితే మెడ నరాలు కదలవు, ఛాతీ నిండదు, కెమెరాకు తెలిసిపోతుంది.

వచనం నటుడిది, పద్యం గాయకుడిది అయినప్పుడు గొంతు మారిన చోట గతుక్కుమంటుంది. పద్యానికి ముందున్న చివరి వచన వాక్యాన్ని నటుడితో స్టూడియోలో, అదే మైకు మీద మళ్లీ చెప్పించండి. గాయకుడు పద్యం ఎత్తుకునే ముందు పీల్చే ఊపిరిని తుడిచేయకండి.

సెట్‌లో పాడించే రోజుకు:

- కిరీటం, భుజకీర్తులు, హారాలు: నటుణ్ణి నడిపించి చప్పుడు విన్నాక, తగిలే చోటల్లా లోపల గుడ్డ పట్టీ అతికించడం
- పట్టుబట్ట రాపిడి తగలని చోట లేపల్ మైకు (బట్టలకు తగిలించే చిన్న మైకు), పైన బూమ్ (పొడవాటి కర్రకు కట్టిన మైకు)
- జనరేటర్ దూరంగా, ఫ్యాన్లూ ఏసీలూ ఆపి
- ఏ పద్యానికి ఏ శ్రుతో కాగితం మీద రాసి హార్మోనిస్టు ముందు
- ప్రతి లొకేషన్‌లోనూ ఎవరూ మాట్లాడకుండా 30 సెకన్ల నిశ్శబ్దం రికార్డు
- ఒక నటుడికి రోజుకు మూడు పద్యాలకు మించకుండా. నాలుగోదానికి గొంతు చెబుతుంది

## 9. నటులు

రంగస్థల నటుణ్ణి తీసుకుంటే చేతులు, కనుబొమలు తగ్గించడానికి రెండు వారాల రిహార్సల్ కావాలి. కెమెరా పెట్టి తీసి చూపించండి. ఎదుటి మనిషి మూడడుగుల దూరంలో ఉండగా పాడించడం అన్నిటికంటే బాగా పనిచేస్తుంది.

సినిమా నటుణ్ణి తీసుకుంటే రెండు వారాలూ పద్యం మీదే. ముందు ప్రతిపదార్థం, తర్వాత వచనంలా చదవడం, ఆ తర్వాత యతి స్థానాలు, చివర రాగం. రాగంతో మొదలుపెట్టినవాళ్లు అర్థం లేని చోట సాగదీస్తారు. వినే పాత్రలు వేసేవాళ్లనూ ఈ రిహార్సల్‌కు రప్పించండి. వాళ్ల పని సగం సినిమా.

## 10. తరచూ జరిగే పొరపాట్లు

చప్పట్ల ఖాళీ. రంగస్థలం మీద పద్యం అయ్యాక నటుడు ఆగుతాడు. సినిమాలో ఆ ఖాళీ చచ్చుగా ఉంటుంది. ఎదుటి పాత్ర జవాబు పద్యం చివరి అక్షరం మీదే మొదలుకావాలి, లేదా మౌనాన్ని వినేవాడి ముఖంతో నింపాలి.

తెర వెనక జరిగినవన్నీ చూపించడం. దూత వచ్చి చెప్పిన యుద్ధాన్ని తీయగలం కదా అని తీస్తారు. ముందు అడగండి: విన్నవాడి ముఖం ముఖ్యమా, జరిగిన సంగతి ముఖ్యమా?

పద్యంలో కెమెరా ఊరికే తిరగడం. పాటకు అలవాటైన క్రేన్ పద్యానికి అడ్డం. కెమెరా కదిలితే వినేవాడి వైపు కదలాలి.

రంగాల, పాటల వరస మార్చడానికి భయపడటం. 1961 నాటి వెస్ట్ సైడ్ స్టోరీ చిత్రం రంగస్థలం మీది రెండు పాటల స్థానాలను ఒకదానితో ఒకటి మార్చింది. హాస్యపు పాట హత్యలకు ముందుకు వచ్చింది, ఉద్రిక్తమైన పాట తర్వాతికి వెళ్లింది. మీ నాటకంలోనూ హాస్య రంగం విషాదం మధ్యలో ఉంటే ముందుకు జరిపి చూడండి. రంగస్థలం మీద అది వేషాలు మార్చుకోవడానికి సమయం ఇచ్చేది. సినిమాకు ఆ అవసరం లేదు.

## 11. ఎడిటింగ్ పూర్తయ్యాక

సినిమాను ఒకసారి శబ్దం తీసేసి చూడండి. ప్రతి పద్యం దగ్గర ఎవరు ఎవరికి చెబుతున్నారో బొమ్మను బట్టే తెలియాలి. తెలియని చోట వినేవారి షాట్ ఒకటి తక్కువైందన్నమాట. అందుకే షూటింగ్‌లో ప్రతి పద్యం మొత్తానికీ వినేవారి మీద ఒక పూర్తి టేక్ తీసి ఉంచుకోవాలి.

రెండోసారి బొమ్మ ఆపేసి వినండి. ఆలాపనలో ఉన్న ప్రతిధ్వని పక్కనున్న వచనంలో లేకపోతే మిక్సింగ్‌కు వెనక్కి పంపండి. సభా మండపంలో మాట్లాడిన మనిషి పద్యం ఎత్తుకోగానే స్టూడియోలోకి వెళ్లిపోయినట్టు వినిపించకూడదు.